మూడు అనుమతుల దిష్టి

దర్శిలో పేరమ్మ ఆసుపత్రికి పేరుకి ఒక్కటే గుమ్మం. లోపలికి పోతే మూడు రాజ్యాలు.

కింద, డబ్బు కట్టే కౌంటరు పక్కన నాణ్యత రాజ్యం. దాన్ని ఏలేది మహిమ. నర్సుగా చేరి, హెడ్ నర్సు అయి, క్వాలిటీ మేనేజరు దాకా ఎదిగిన మనిషి. మొదటి అంతస్తులో, మెట్ల మలుపు దగ్గర భద్రత రాజ్యం. అక్కడ సేఫ్టీ ఆఫీసరు జయపాల్. పైన, నీళ్ళ ట్యాంకు నీడలో పర్యావరణ రాజ్యం. అది చైతన్యకృష్ణ అనే ఎమ్మెస్సీ కుర్రాడిది. మురుగునీటి శుద్ధి నుంచి ఏసీ యంత్రాల దాకా అతని చేతిలోనే ఉండేవి. ముగ్గురికీ అధికారం ఉంది. ముగ్గురిలోనూ కాస్తో కూస్తో అహంకారం ఉంది. ఎదురుపడితే నమస్కారం ఉంది. మిరప పండే నేల మీద ఇన్ని కారాలు పండాయి గానీ సహకారం ఒక్కటీ మొలకెత్తలేదు.

దీనికి మొదటి అంతస్తు చివరనున్న తలుపే సాక్షి. అగ్నిప్రమాదం జరిగితే జనం బయటపడాలని పెట్టించిన తలుపది. 'ఈ తలుపుకి ఎల్లప్పుడూ గడియ తీసి ఉంచవలెను' అని జయపాల్ ఎర్ర కాగితం అంటించాడు. 'ఏసీ గాలి పోవును, తలుపు మూసి ఉంచుము' అని చైతన్యకృష్ణ ఆకుపచ్చ కాగితం అంటించాడు. మతి సరిగా లేని పేషెంటు ఒకాయన ఆ దారిన జారుకుని బస్టాండులో తేలాక, 'తాళం వేయబడును' అని మహిమ నీలం కాగితం అంటించింది. మూడూ చదివినవాడు తలుపు జోలికి పోకుండా వెనక్కి తిరిగి లిఫ్టులో దిగిపోయేవాడు. వాచ్‌మన్ మాత్రం చదువుకోలేదు కాబట్టి తలుపు సందులో ఒక ఇటుక పెట్టాడు. తలుపు సగం తెరిచి, సగం మూసి ఉండేది. ఇటుక ఏ శాఖ కిందకీ రాదు కాబట్టి దాన్ని ఎవరూ తీయలేదు.

ఇలా సాగిపోతుండగా ఆసుపత్రి యజమాని డాక్టర్ సంజీవరావుగారు ముగ్గుర్నీ పిలిచారు.

"మన ఆసుపత్రి పద్ధతులు చూడ్డానికి విజయవాడ నుంచి ఆడిటర్ వస్తున్నాడు. ఇకనుంచి నాణ్యతకో పుస్తకం, భద్రతకో పుస్తకం, పర్యావరణానికో పుస్తకం ఉండవు. మూడూ కలిపి ఒకటే పద్ధతి. ఒకటే శాఖ, ఒకటే గది, ఒకటే కుర్చీ."

"మరి మిగతా రెండు కుర్చీలు సార్?" అన్నాడు చైతన్యకృష్ణ.

"ఆడిట్ అవనీ, చూద్దాం."

యజమానులు 'చూద్దాం' అన్నారంటే అప్పటికే చూసేసి ఉంటారని జయపాల్‌కి తెలుసు. అతను ఆ మాట ఇంతకుముందు ఒకసారి విన్నాడు. చిలకలూరిపేట వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో సేఫ్టీ ఆఫీసరుగా ఉన్న రోజుల్లో, పత్తి బేళ్ళ మధ్య ఒక్క నిప్పురవ్వ కూడా రేగనివ్వలేదు. అతను అంత జాగ్రత్తగా కాపాడిన మిల్లు చివరికి తనంతట తనే ఆరిపోయింది. ఆ తర్వాత చాలాకాలం ఇంటి వరండాలో కూర్చున్నాడు. కూర్చోవడానికి అక్కడా కుర్చీ ఉంది గానీ దానికి జీతం లేదు. యాభై దాటిన సేఫ్టీ ఆఫీసర్ని ఎవరూ సేఫ్‌గా భావించరని అప్పుడే తెలిసొచ్చింది.

"ఒక్క కుర్చీయే ఉంటే దాన్లో నువ్వుండాలి. ఆ చదువుకున్న పిల్లోడికి ఎక్కడైనా దొరుకుద్ది. మహిమకి సూదెయ్యడం వచ్చు, ఎక్కడైనా బతుకుద్ది. నీకేమొచ్చు? నిప్పుంటే ఆర్పడం వచ్చు. నిప్పు లేకపోతే నీతో పనేముంది?" అంది అతని భార్య ఆదెమ్మ.

ఆదెమ్మ మాటలో మంట ఉంటుంది గానీ పొగ ఉండదు. జయపాల్ ఆ కుర్చీ సంపాదించే దారి వెతకడం మొదలుపెట్టాడు. అతనికి దొరక్కముందే ఆ దారే ఆడిట్ ముందురోజు ఉదయం పేరమ్మగారి రూపంలో ఆటో దిగింది.

పేరమ్మగారు డాక్టరుగారి తల్లి. ఆసుపత్రికి ఆవిడ పేరే పెట్టారు. ఊళ్ళో అందరూ డాక్టరుగారి మాట వింటారు, డాక్టరుగారు పేరమ్మగారి మాట వింటారు. ఒక చేతిలో మిరపకాయల సంచి, ఇంకో చేతిలో ఇనప బాణలితో ఆవిడ ఆటో దిగేసరికి జయపాల్ ఎదురెళ్ళాడు.

"ఏమయ్యా జయపాలూ, అబ్బాయేడీ?"

"థియేటర్లో ఉన్నారండి అమ్మగారూ. ఆపరేషన్."

"పన్లో ఉంటే మంచిదేలే. వాడు చూస్తే ఒప్పుకోడు. రేపు ఎవరో పెద్ద ఆఫీసర్లు వస్తున్నారంటగా? ఈ బిల్డింగు కట్టిన కాడ్నించీ ఎదురుగా పోయే ప్రతివాడూ నోరు తెరుచుకుని చూసి పోతన్నాడు. ఎంత దిష్టి తగిలిందో ఏంటో. ఈపూట తీసేద్దాం."

జయపాల్ ఇంట్లో దిష్టి తియ్యరు, ప్రార్థన చేసుకుంటారు. కానీ పేరమ్మగారు ఒక్కమాట అంటే కుర్చీ ఎటు తిరగాలో అటు తిరుగుతుందని అతనికి వెంటనే తట్టింది. అవతలివాళ్ళకి తగిలిన దిష్టి తీస్తే తన దశ తిరుగుతుందేమో ఎవరికి తెలుసు?

"తప్పకుండా అమ్మగారూ. పద్ధతి ప్రకారం చేయిద్దాం. మీరిలా కూర్చోండి."

పద్ధతి ప్రకారం అంటే అనుమతులు. అతను ముందు మహిమకి ఫోన్ చేశాడు.

"మేడమ్, పెద్దమ్మగారు గుమ్మం దగ్గర దిష్టి తీస్తారంటండీ."

"గుమ్మం దగ్గరా? వద్దండీ బాబూ. పేషెంట్లు వచ్చేపోయే దారి. ఎవరికైనా దగ్గొచ్చిందంటే ఆ కంప్లైంటు నా నెత్తిన పడుద్ది. వాళ్ళ కంట పడకుండా ఎక్కడైనా చేసుకోండి." ఫోన్ పెట్టేసింది.

తర్వాత చైతన్యకృష్ణకి చేశాడు.

"మొక్కల వైపు మాత్రం వద్దు సార్. రేపు ఆడిటర్‌కి చూపించేది ఆ తోటే. పొగ కాంపౌండు దాటి కాలనీలోకి పోకూడదు. చుట్టూ గోడలున్న మూల చూసుకోండి." అతనూ ఫోన్ పెట్టేశాడు.

ఇక తన శాఖ. ఆక్సిజన్ సిలిండర్ల దగ్గర కుదరదు. జనరేటరు డీజిలు దగ్గర కుదరదు. క్యాంటీన్ గ్యాసు, పరుపులు దాచే గది, పాత ఫైళ్ళ గది, వేటి దగ్గరా కుదరదు. జయపాల్ కాంపౌండంతా చుట్టొచ్చి చివరికి ఒక చోటు పట్టాడు. ఆపరేషన్ థియేటరు వెనక, మూడువైపులా గోడలున్న మూల. కింద సిమెంటు గచ్చు. అంటుకునే వస్తువు ఒక్కటీ లేదు. పేషెంట్లకి కనపడదు. పొగ కాలనీలోకి పోదు. మూడు చట్టాలూ తలూపిన ఒకే ఒక్క జాగా.

గోడకి పైన ఒక పెద్ద ఇనప జాలీ ఉంది. జయపాల్ దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాడు. ఏదో కిటికీ అనుకునేవాడు. అది ఆసుపత్రి ముక్కు అనీ, థియేటరుకీ దాని పక్క వార్డుకీ బయటి గాలిని పీల్చుకునేది అదేననీ అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు పైన ట్యాంకు నీడలో ఉన్నాడు. ఎక్కడ వద్దో చెప్పాడే గానీ ఎక్కడ చేస్తున్నారో అడగలేదు.

జయపాల్ రెండు ఇసుక బకెట్లు తెప్పించి పక్కన పెట్టించాడు. అది అతని అలవాటు. పెళ్ళికెళ్ళినా హోమగుండం పక్కన ఇసుక ఉందో లేదో చూసి గానీ భోజనానికి కూర్చోడు.

పేరమ్మగారు బాణలిలో బొగ్గులు రాజేసి, గుప్పెడు కాయలూ ఉప్పూ తీసుకుని గోడ వైపు చెయ్యి తిప్పసాగారు.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చేవాళ్ళ దిష్టి, పోయేవాళ్ళ దిష్టి, ఎదురాసుపత్రి దిష్టి, రేపొచ్చే ఆ ఆడిటో కీడిటో ఆయన దిష్టి... థూ, థూ, థూ!"

కాయలు నిప్పుల్లో పడ్డాయి. దిష్టికి తాలుకాయలు వెయ్యకూడదని ఆవిడ మొదటి కోత తేజ కాయ తెచ్చారు. మూట విప్పితేనే తుమ్మొచ్చే సరుకు. అవి నల్లబడ్డాయి, చిటపటలాడాయి. సన్నటి పొగ లేచి నిటారుగా, సూదిలోకి దారం ఎక్కినట్టు, పైనున్న జాలీలోకి పోయింది.

పేరమ్మగారు ముక్కు ఎగబీల్చారు. జయపాల్ కూడా ఎగబీల్చాడు.

"ఘాటొచ్చిందా నీకు?"

"లేదండి."

"నాకూ రాలేదు." ఆవిడ మొహంలో రంగు మారింది. మిరపకాయ కాలిస్తే ఘాటు రావాలి. రాలేదంటే ఆ ఘాటుని దిష్టి మింగేసిందని లెక్క. ఈ ప్రాంతంలో చంటిపిల్లల తల్లికైనా తెలిసిన లెక్కే. "చూశావా? ఎంత దిష్టి తగిలిందో చూశావా నా బిడ్డకి! ఇంత కాయ కాలినా చీమ కుట్టినట్టన్నా లేదు. ఇంకా వెయ్యాలి."

ఇంకో గుప్పెడు వేశారు. ఘాటు రాలేదు. రెండు గుప్పెళ్ళు వేశారు. అయినా రాలేదు.

"అమ్మగారూ, నిజంగానే గట్టి దిష్టండీ," అన్నాడు జయపాల్. అతను పొగకి దూరంగా నిలబడి పొగడ్తకి దగ్గరగా జరిగాడు. "మీరు కాబట్టి కనిపెట్టారు."

"నువ్వు మంచోడివయ్యా. ఆ ఇద్దరికీ భయమూ లేదు, భక్తీ లేదు. అబ్బాయితో చెప్తాలే." ఆవిడ సంచి మూతి మొత్తం విప్పారు.

జయపాల్‌కి గుండె నిండింది. ఆ గుండె నిండుతున్న సమయానికే గోడకి అవతల ఊపిరితిత్తులు నిండుతున్నాయి.

థియేటర్లో డాక్టరుగారు పానకాలుకి హెర్నియా ఆపరేషన్ చేస్తున్నారు. పానకాలు మిర్చి కమిషన్ వ్యాపారి. వెన్నుకి మత్తుసూది ఇచ్చారు కాబట్టి నడుం కింద అంతా మొద్దుబారింది. నడుం పైన మాత్రం వ్యాపారం మేలుకునే ఉంది. ఆ తర్వాత జరిగింది జయపాల్ పానకాలు నోటే విన్నాడు. ఆ మాటకొస్తే దర్శి అంతా పానకాలు నోటే విన్నది.

ముందు నర్సు దగ్గింది. తర్వాత మత్తు డాక్టరు దగ్గాడు. డాక్టరుగారి కళ్ళలోంచి నీళ్ళు మాస్కులోకి కారాయి. పానకాలు రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "డాక్టరుగారూ, ఎవరో మొదటి కోత తేజ తగలేస్తన్నారండీ. అయ్యయ్యో, మంచి సరుకు," అన్నాడు.

"నువ్వు దగ్గకు!" అని అరిచారు డాక్టరుగారు. హెర్నియా కుట్టేటప్పుడు పేషెంటు దగ్గితే, మూట మూతి కుడుతుండగా లోపల్నుంచి తన్నినట్టు ఉంటుంది.

"దగ్గనండీ... నేను దగ్గనండీ... కానీ వస్తందండీ..."

వార్డులో అప్పటికే వచ్చేసింది. మంచాల మీద, మంచాల కింద, అన్నం క్యారేజీలు పట్టుకున్న బంధువుల్లో, అందరిలోనూ దగ్గు. నర్సు ఫోన్ చేస్తే జయపాల్ పేరమ్మగారికి చెప్పి లోపలికి పరిగెత్తాడు. క్యాంటీన్లో పోపు మాడిందనుకున్నాడు. దిష్టి దగ్గర అసలు ఘాటే లేదు కదా, దాని మీద అతనికి అనుమానం ఎందుకొస్తుంది?

వెళ్ళగానే మైకు అందుకున్నాడు. "అందరూ కిటికీలు తెరవండి! నడవగలిగినవాళ్ళు బయటికి రండి!" భద్రత పుస్తకంలో అలాగే ఉంది.

అదే సమయంలో చైతన్యకృష్ణ పై అంతస్తు నుంచి మెట్లు దిగుతూ కనపడ్డ కిటికీనల్లా మూయిస్తున్నాడు. పొగ కాలనీలోకి పోకూడదని పర్యావరణ పుస్తకంలో ఉంది. వార్డు గుమ్మంలో మహిమ రెండు చేతులూ చాపి నిలబడింది. "చేతి పట్టీ చూడకుండా ఒక్క పేషెంటు కూడా గడప దాటడానికి లేదు!" నాణ్యత పుస్తకంలో అలా ఉంది మరి.

ఒక ముసలాయన మైకు విని లేచి కూర్చున్నాడు. మహిమని చూసి పడుకున్నాడు. కిటికీ తెరిచారని లేచాడు, మూశారని పడుకున్నాడు. ఆరోజు ఆయన చెయ్యాల్సిన వ్యాయామం ఎవరి సాయం లేకుండానే అయిపోయింది.

మైకు వదిలిన జయపాల్, మెట్లు దిగిన చైతన్యకృష్ణ, గుమ్మంలో మహిమ ఒకేచోట ఢీకొన్నారు. ఇన్నాళ్ళూ దగ్గరకాని ముగ్గుర్ని దగ్గు ఒకచోట చేర్చింది.

"కిటికీలు ఎందుకు మూయిస్తన్నావయ్యా? జనం చస్తారు!"

"మీరెందుకు తెరిపిస్తున్నారు సార్? అసలు పొగ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"క్యాంటీన్ అయ్యుంటది!"

"క్యాంటీన్లో ఇవాళ పెసరట్టండీ," అంది మహిమ దగ్గుతూ. "ఇది మిరపకాయ. ఆ దిష్టి ఎక్కడ తీస్తున్నారు?"

"అది కాదు మేడమ్! నేనిప్పుడు అక్కణ్ణుంచే వస్తన్నా. అక్కడ ముక్కుకి ఏమీ తగల్లేదు!"

"ఎక్కడ సార్?" అన్నాడు చైతన్యకృష్ణ.

"థియేటరు వెనక. మూడు గోడల మూల. నువ్వే కదా గోడలుండాలన్నావు."

"పైన జాలీ ఉంటుంది, ఆ గోడా?"

"ఆ, ఆ కిటికీ ఉన్న గోడే."

చైతన్యకృష్ణ మొహం పాలిపోయింది. "అది కిటికీ కాదు సార్! థియేటరుకి గాలి పోయేది దాన్లోంచే! ధూళి అయితే వడపోస్తుంది గానీ ఘాటుని ఆపదు. ఉండండి, ఫ్యాను ఆపేసొస్తా."

"ఆగు!" మహిమ అతని చొక్కా పట్టుకుంది. "లోపల కోత తెరిచి ఉంది. గాలి ఆగితే ఈ వరండా గాలంతా దాని మీదకి పోద్ది. ఫ్యాను కాదు, ముందు నిప్పు ఆపండి."

"అయితే నీళ్ళు కుమ్మరిద్దాం!"

"నీళ్ళు పోస్తే ఆవిరి లేచి ఇంతకింత అవుద్ది," అన్నాడు జయపాల్. "ఇసక పొయ్యాలి. నేను పోతా. మేడమ్, మీరు ఈ వార్డు వాళ్ళని తూర్పు వరండాలోకి జరపండి, పట్టీలు అక్కడ చూసుకోవచ్చు. చైతన్యా, ఈ కిటికీలు మూసి తూర్పువి తెరిపించు."

ముగ్గురూ మూడు దారుల్లో పోయారు. అయితే ఈసారి ఎవరు ఎటు పోతున్నారో మిగతా ఇద్దరికీ తెలుసు.

జయపాల్ వెళ్ళేసరికి పేరమ్మగారు సంచి దులిపి చివరి గుప్పెడు చేతిలోకి తీసుకున్నారు. జయపాల్ ఇసుక బకెట్ ఎత్తాడు.

"అమ్మగారూ, కాస్త పక్కకి జరగండి."

"ఎందుకూ?"

"ఆపెయ్యాలండి. పొగంతా లోపలికి పోతంది."

"దిష్టి మధ్యలో ఆపకూడదయ్యా!" ఆవిడ బాణలికి అడ్డంగా నిలబడ్డారు. "ఆపితే ఆపినోడికి తగులుద్ది. ఇంకొక్క గుప్పెడు. ఘాటొచ్చేస్తది, నువ్వుండు."

జయపాల్ ఒక్క క్షణం ఆగాడు. ఆపినవాడికి దిష్టి తగులుతుందో లేదో అతనికి తెలియదు. ఆపినవాడి కుర్చీకి తగలడం మాత్రం ఖాయం. 'మంచోడివయ్యా' అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. గోడకి అవతల్నుంచి, గొంతులో నొక్కిపెట్టినా ఆగని దగ్గు ఒకటి వినిపించింది.

అతను పేరమ్మగారి భుజాలు పట్టుకుని ఆవిణ్ణి పక్కకి జరిపాడు. ఇసుక మొత్తం బాణలిలో కుమ్మరించాడు. భుజం మీది తువ్వాలు చేతులకి చుట్టుకుని, బాణలి ఎత్తి, గోడకి దూరంగా జనరేటరు గది దాటి పెట్టొచ్చాడు. జాలీకి దూరం కాగానే అసలు ఘాటు అతనికి మొదటిసారి తగిలింది. పేరమ్మగారి ముందుకి తిరిగొచ్చేసరికి అతని కళ్ళు ఎర్రమిరప్పళ్ళలా ఉన్నాయి.

"నా కొడుకు దిష్టి మీద మట్టి కొడతావా!" పేరమ్మగారి గొంతు వీధిలోకి వినిపించింది. "ఎంత పొగరు నీకు!"

పొగ ఆరింది గానీ పొగరు మాత్రం జయపాల్ పేరున జమ అయింది. అతను దగ్గుతూ చేతులు జోడించాడు.

సాయంత్రం డాక్టరుగారి గదిలో అందరూ చేరారు. పానకాలుకి ఏమీ కాలేదు. మత్తు డాక్టరు ఏదో మందిచ్చి దగ్గు అణిచాడు, కుట్లు సరిగ్గా పడ్డాయి. వార్డు వాళ్ళు కళ్ళు కడుక్కుని టీలు తాగుతున్నారు. డాక్టరుగారి కళ్ళు మాత్రం ఇంకా తడారలేదు. పేరమ్మగారు పక్క కుర్చీలో గోడ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నారు.

"ఈ జయపాలు నీకు పనికిరాడ్రా అబ్బాయ్. నన్ను పక్కకి నెట్టాడు."

డాక్టరుగారు తల్లిని చూసి, జయపాల్‌ని చూశారు. "ఆ చోటు ఎవరు చూపించారు?"

ఈ ప్రశ్నకి జయపాల్ మధ్యాహ్నమే జవాబు తయారుచేసుకున్నాడు. గుమ్మం వద్దన్నది మహిమ. తోట వద్దన్నదీ, మూల చూసుకోమన్నదీ చైతన్యకృష్ణ. జాలీ సంగతి తెలిసీ చెప్పనిది కూడా అతనే. ఒక్కొక్క మాటా నిజమే. ఆ వరసలో చెబితే ఇద్దరూ పోయి కుర్చీ ఒక్కటే మిగులుతుంది. నోరు తెరిచాడు. తెరిచేసరికి ముందు దగ్గొచ్చింది. దగ్గు అయ్యాక ఆ వరస పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టబుద్ధి కాలేదు.

"నేనేనండి. అమ్మగారి దగ్గర మంచి అనిపించుకుందామని వెంటనే ఒప్పుకున్నాను. ఆ జాలీ కిటికీ అనుకున్నాను."

"గుమ్మం దగ్గర వద్దన్నది నేను సార్," అంది మహిమ. "మరెక్కడ చేస్తారని అడగలేదు. నా కంట పడకపోతే చాలనుకున్నాను."

"నేనూ అంతే సార్," అన్నాడు చైతన్యకృష్ణ. "నా మొక్కలు నేను చూసుకున్నాను."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే ముగ్గురూ ఎవరి పని వాళ్ళు శుభ్రంగా చేశారు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"ముగ్గురూ అంత శుభ్రంగా చేస్తే, నేను పేషెంటు పొట్ట ముందు నిలబడి ఏడ్చాను." ఆయన మహిమ వైపు తిరిగారు. "ఫ్యాను ఆపబోతుంటే వద్దన్నది మీరేనట."

"అవునండి. కోత తెరిచుంది కదండి."

"కుర్చీ మీదేనమ్మా. అంత గందరగోళంలో లోపల మనిషున్నాడని మీకు గుర్తుంది."

జయపాల్ నేలకేసి చూశాడు. అతని కళ్ళ ముందు ఇంటి వరండా కనిపించింది. అందులో ప్లాస్టిక్ కుర్చీ, పక్కనే ఆదెమ్మ.

"చైతన్య ఆవిడ కింద ఉంటాడు. జయపాల్ గారూ..."

"వాణ్ణి పంపిచ్చెయ్," అన్నారు పేరమ్మగారు గోడతో.

"ఆయన నిన్ను పక్కకి జరపకపోతే పానకాలు కుట్లు ఊడిపోయేవమ్మా. ఆయన కూడా ఉంటాడు." డాక్టరుగారు లేచారు. "ముగ్గురూ ఒకటే గది. ఇవాళే సర్దుకోండి. రేపు ఆడిటర్ వస్తాడు."

పేరమ్మగారు గోడ వైపు నుంచి మొహం ఇటు తిప్పారు. "లోపల ఘాటు బాగా తగిలిందా?" అనడిగారు కొడుకుని.

"తగలడమా! చచ్చిపోయామమ్మా."

"అయితే మరీ అంత దిష్టేం లేదన్నమాట," అని ఊపిరి పీల్చుకున్నారు. "కానీ సగంలో ఆగింది. సగంలో ఆగిన దిష్టి మంచిది కాదు."

మూడు గదుల బల్లలు ఒక గదిలోకి వచ్చాయి. మహిమకి చేతులున్న కుర్చీ వచ్చింది. జయపాల్ గది తలుపుకున్న పేరు పలక ఊడింది. అతని పాత కుర్చీ గుమ్మంలో పట్టక బయట ఉండిపోతే క్యాంటీన్ కుర్చీ వేసుకున్నాడు. "ఉద్యోగం ఉంది, కుర్చీ లేదు," అని చెప్తే, "కూర్చోబెట్టి జీతం ఇస్తారా ఎవరన్నా," అని ఆదెమ్మ అన్నం వడ్డించింది.

ఆడిటర్ వచ్చాడు, చూశాడు, కొన్ని లోపాలు రాసిచ్చి పోయాడు. మొదటి అంతస్తు తలుపు ముందు మాత్రం చాలాసేపు నిలబడ్డాడట. మూడు కాగితాలూ తీసేసి ఒక్కటే అంటించమన్నాడు. ఆ ఒక్క కాగితంలో ఏం రాయాలా అని ముగ్గురూ వాదించుకుంటూనే ఉన్నారు. అది తేలేదాకా ఇటుకే కొనసాగుతుంది.

ఒకరోజు వాదన మధ్యలో జయపాల్ ఫోన్ మోగింది. అవతల పేరమ్మగారు. దిష్టి రోజు తర్వాత ఆవిడ అతనితో మాట్లాడటం అదే మొదలు.

"ఏమయ్యా, నా బాణలి ఏం చేశావు?"

"కడిగించి పెట్టానండి అమ్మగారూ."

"వస్తన్నా. ఆ మిగిలిన సగం తియ్యాలి. చోటు చూసి పెట్టు."

'తప్పకుండా అమ్మగారూ' అనే మాట జయపాల్ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆపాడు.

"ఒక్క నిమిషం అమ్మగారూ, లైన్లో ఉండండి." ఫోన్ మీద అరచెయ్యి పెట్టి బల్లల వైపు తిరిగాడు. "మేడమ్, చైతన్యా, దిష్టంట. ఎక్కడ?"

ఇద్దరూ తలలెత్తారు. ఎవరూ వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. మహిమ సొరుగులోంచి కట్లు కట్టే గాజుగుడ్డ ముక్క ఒకటి చింపి తీసుకుంది. ముగ్గురూ లేచి వెనక్కి నడిచారు. జనరేటరు గది దాటి, జాలీకి దూరంగా, ప్రహరీ దగ్గరికి వచ్చాక, గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి మహిమ గుడ్డపేలిక ఎత్తి పట్టుకుంది. అది ఆసుపత్రి వైపు కాకుండా అవతలికి, మిర్చి కొట్ల వైపు ఊగింది.

"అటు పోతే పర్లేదు. వాళ్ళకి అలవాటే," అన్నాడు జయపాల్.

"వాళ్ళ ముక్కు కూడా ముక్కే సార్," అన్నాడు చైతన్యకృష్ణ.

"ఆ పక్కనే స్కూలు కూడా ఉంది," అంది మహిమ, పేలిక దించకుండా.

ఫోన్లోంచి పేరమ్మగారి గొంతు వినిపిస్తూనే ఉంది. "ఏమయ్యా, ఉన్నావా? అప్పుడు ఒక్కడివే చిటికెలో చూపిచ్చావే! ముగ్గురూ ఉండి ఇంతసేపా?"

"అందుకేనండి అమ్మగారూ," అన్నాడు జయపాల్. ముగ్గురూ గుడ్డపేలిక పట్టుకుని ఇంకో మూలకి నడిచారు.